కలంకారి తీగలతో తెలుగు ఫాంటు: అక్షరాలు కాదు, భాగాలు పంచుకోండి

తర్వాత చదివేవాళ్ళ కోసం మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. మీరు ఎనిమిది మంది. అందరికీ బొమ్మలు వెయ్యడం బాగా వచ్చు. శ్రీకాళహస్తి కలంకారి పద్ధతిలో తీగలూ, ఆకులూ, మొగ్గలూ పెట్టి, శుభలేఖలకూ పత్రికల శీర్షికలకూ పనికొచ్చే అలంకార ఫాంటు మొదలుపెట్టారు. క వర్గం ఒకరికి, చ వర్గం ఒకరికి, అలా వర్ణమాలను వరసగా పంచుకున్నారు. ఎవరి అక్షరాలు వాళ్ళు విడిగా చూసుకుంటే ముచ్చటగానే ఉన్నాయి. అన్నీ కలిపి ‘శ్రీరస్తు శుభమస్తు’ అని కూర్చి చూస్తే మాత్రం నాలుగైదు ఫాంట్లు కలగాపులగం చేసినట్టుంది. ఇప్పుడు పని మళ్ళీ ఎలా పంచుకోవాలి, గుణింతాలూ ఒత్తులూ ఎవరు వెయ్యాలి, చివరికి ఈ ఫాంటు ఎవరిది అవుతుంది?

మీరు పెట్టిన నమూనా చూశాను. బొమ్మల్లో లోపమేమీ లేదు. పంచుకున్న తీరే కుదరలేదు. వర్గాలు నోట్లో ధ్వని పుట్టే చోటును బట్టి ఏర్పడ్డాయి, అక్షరం ఆకారాన్ని బట్టి కాదు. ఠ ఉండేది ట వర్గంలో, ర ఉండేది అంతస్థాల్లో. కానీ కాగితం మీద ర కడుపులో చుక్క పెడితే ఠ అవుతుంది. ద, డ వేరువేరు వర్గాలవి, కంటికి మాత్రం అన్నదమ్ములు. ప, ష మధ్య వర్ణమాలలో ఎంత దూరమో, ఆకారంలో అంత దగ్గర. మీ జాబితా ప్రకారం ర ఒకరు, ఠ ఇంకొకరు వేశారు. ఒకరి ర నిండుగా గుండ్రంగా ఉంది, మరొకరి ఠ కోడిగుడ్డులా నిలువుగా సాగింది. పక్కపక్కన పెడితే అవి ఒక్క ఫాంటువని ఎవరూ అనుకోరు.

కాబట్టి మొదట పంచుకోవడం ఆపండి. అలంకారం లేని ఉత్త అస్థిపంజరం లాంటి ఫాంటు ఒకటి ముందు తయారవ్వాలి, దాన్ని ఒక్కరే వెయ్యాలి. మీలో ఎవరి చేతిరాత నిలకడగా ఉంటుందో వాళ్ళకు ఇవ్వండి. బొమ్మలు అందరికన్నా బాగా వేసేవాళ్ళకు ఇవ్వకండి, వాళ్ళు ఆగలేక మొదటి రోజే పూలు పెట్టేస్తారు. ముందు ర, ప, వ, క, న, ల వేయించండి. వాటితో పాటు తలకట్టు, గుడి, కొమ్ము, సున్న. గీత మందం, కడుపు వెడల్పు, అక్షరాల మధ్య ఖాళీ, అక్షరం ఎత్తు ఈ కాసిని ఆకారాల్లోనే తేలిపోతాయి. అవి కుదిరాక మిగతావి కుటుంబాల వారీగా రావాలి: ర నుంచి ఠ, ద నుంచి ధ, థ, డ నుంచి ఢ, చ నుంచి ఛ, ప నుంచి ఫ, ష, స, ఘ, వ నుంచి మ. ఇవి కాక ఒంటరి అక్షరాలు కొన్ని ఉంటాయి: ఖ, ఞ, ణ, ఝ, ళ లాంటివి. అవి చివర్లో.

ఈ దశలో మిగతా ఏడుగురూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. వాళ్ళు నగలు, అంటే అక్షరాలకు పెట్టే ఆకులూ మొగ్గలూ తీగలూ, తయారుచెయ్యాలి. నా సలహా అంతా ఇక్కడే ఉంది. కలంకారిలో మనకు రెండు దారులున్నాయి. శ్రీకాళహస్తిలో వెదురు కలానికి గుడ్డ చుట్టి, కసిమి అనే నల్లరంగులో ముంచి చేత్తో గీస్తారు, ఏ గీతా ఇంకో గీతలా ఉండదు. పెడనలో చెక్క అచ్చులు చెక్కి అద్దుతారు. ఒకే ఆకు వందసార్లు పడినా ఒకేలా పడుతుంది, పైగా హద్దు గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు వేరే అచ్చు. మీరు గీత తీసుకున్నది శ్రీకాళహస్తి నుంచి, అది మంచి ఎంపికే. పనిచేసే పద్ధతి మాత్రం పెడనది కావాలి. ఫాంటు అంటే అచ్చులే మరి.

అంటే, ముందు పది పన్నెండు అచ్చులు చెక్కండి. ఒక ఆకు, దాని చిన్న రూపం, ఒక మొగ్గ, తీగ కొస రెండు మూడు రకాలు, తీగ చీలే చోటు, పూర్తిగా విచ్చిన పువ్వు ఒకటి. ఒక్కోటీ ఒక్కొక్కరు గీసినా పర్వాలేదు కానీ, అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే కొలత కాగితం మీద, ఒకే కలంతో గియ్యండి. తర్వాత ఫాంటు ఎడిటర్‌లో వాటిని విడి గ్లిఫ్‌లుగా (ఫాంటులోని ఒక్కో బొమ్మను గ్లిఫ్ అంటారు) పెట్టి, అక్షరాల్లోకి కాంపోనెంట్లుగా పిలవండి. రేపు ఆకు మరీ లావుగా ఉందనిపిస్తే ఒకచోట సన్నం చేస్తే చాలు, ఫాంటంతా సన్నబడుతుంది. కాపీ చేసి అతికించుకుంటూ పోయారంటే ఆ ఒక్క మార్పు కోసం వందల అక్షరాలు తెరిచి మూసుకోవాలి.

ఇప్పుడు పంపకం. ఒకరికి తలకట్టు మొత్తం. ఒకరికి గుడి, గుడిదీర్ఘం. ఒకరికి కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి. ఒకరికి ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం. ఇద్దరికి ఒత్తులు, అది పెద్ద పని. ఒకరికి కడుపు లోపలి అలంకారం. అస్థిపంజరం వేసినవాళ్ళు అన్నిటినీ సరిచూస్తారు. ఇలా చేస్తే ప్రతి అక్షరంలోనూ నలుగురైదుగురి చెయ్యి ఉంటుంది, ఏ అక్షరమూ ఏ ఒక్కరిదీ కాదు. అప్పుడే ఫాంటు ఒక్క చేతిదిగా కనిపిస్తుంది.

తలకట్టు తీసుకున్నవాళ్ళకు ఒక మాట. హల్లుల్లో ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ తప్ప మిగతా అన్నిటికీ మీ పనే నెత్తిన ఉంటుంది. మీ నమూనాలో తలకట్టు కొసన ఐదు రేకుల పువ్వుంది. ఒక్క ‘క’ మీద ఎంత బాగుందో! ‘వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన’ అని కూర్చి చూడండి, అక్షరాలు పోయి పూల వరస ఒక్కటే మిగులుతుంది. ఎక్కువసార్లు వచ్చే భాగానికి తక్కువ నగ పెట్టాలి. తలకట్టుకు కొస కాస్త వంగి, చిన్న ఆకు మొన ఒకటి చాలు. కొమ్ముకూ, గుడికీ, సున్నకూ అంతే. పెద్ద పువ్వు కావాలంటే అ, ఆ, ఇ, శ్రీ, ఓం లాంటి వాటికి దాచుకోండి. అవి ఎక్కువగా మాట మొదట్లోనే వస్తాయి, తెరిపిగా ఉంటాయి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది, నగ ఎక్కడ పెట్టకూడదు అన్నది. రోమన్ లిపిలో ‘O’ కడుపులో చుక్క పెట్టినా అది అదే అక్షరం. మనకు అలా కుదరదు. ర కడుపు మధ్యలో మీ వాళ్ళు పెట్టిన మొగ్గ కాస్త దూరం నుంచి చూస్తే చుక్కే, ‘రాముడు’ కాస్తా ‘ఠాముడు’ అవుతాడు. ధ లోపల అలాంటిదే పెడితే థ. ద కింద ఆకు వేలాడితే ధ, ప కింద వేలాడితే ఫ, డ కింద ఢ, చ కింద ఛ. మీ నమూనా రెండో వరసలో ‘దంపతులు’ అనే మాటను నేను మొదటి చూపులో ‘ధంపతులు’ అనే చదివాను. ద కింద దిగిన తీగ కొస అచ్చం ఒత్తు గీతలా నిలువుగా ఉంది. దాన్ని పక్కకు వంచి అక్షరం గీతకు అంటించేస్తే చాలు, అనుమానం పోతుంది.

దీనికి మీరు గోడ మీద అంటించుకోవాల్సిన నియమాలు రెండే. కడుపు మధ్యలో విడిగా తేలే ఆకారం ఏదీ ఉండకూడదు, లోపలి అలంకారం పక్క గోడను పట్టుకునే పాకాలి. అక్షరం అడుగు నుంచి నిలువుగా ఏదీ దిగకూడదు, నిలువు గీత ధ, ఫ లాంటి ఒత్తక్షరాలకే. ఇంకో చిక్కు కుడివైపు ఉంది. మ, వు దగ్గర పోలికలు. వ కు కొమ్ము మామూలుగా పక్కన తగిలిస్తే మ లా కనిపిస్తుంది, ప కు తగిలిస్తే ఘ వైపు జారుతుంది. అందుకే పాతకాలం నుంచీ పు, ఫు, వు లలో కొమ్మును కింది నుంచి వేలాడదీస్తున్నారు. ఇక్కడ తీగ కుడివైపు పైకి పాకిందంటే ఆ తేడా చెరిగిపోతుంది. కొమ్ము తీసుకున్నవాళ్ళు ఈ మూడు అక్షరాలనూ ప్రత్యేకంగా వెయ్యాలి, కాంపోనెంటు అతికించి సరిపెట్టకూడదు.

ఒక పరీక్ష చెప్తాను, ఖర్చులేనిది. అలంకారం పెట్టాక ర, ఠ, ద, ధ, థ, ప, ఫ, ష, వ, మ, వు, డ, ఢ, చ, ఛ లను కలగలిపి అర్థం లేని వరసలో అచ్చు తీసి, ఫాంటు సంగతి తెలియని వాళ్ళ చేత, అమ్మమ్మ చేతో పక్కింటి పిల్లాడి చేతో, పైకి చదివించండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ నగ తీసెయ్యండి. ‘పద్ధతిగా చూస్తే తెలుస్తుంది’ అని వాదించకండి, శుభలేఖను అలా ఎవరూ చూడరు.

గుణింతాల సంగతి. 36 హల్లులు, ఒక్కోదానికి ‘కా’ నుంచి ‘కౌ’ దాకా వట్రసుడితో కలిపి 12 రూపాలు అనుకుంటే 432. ఒత్తులు ఇంకో 36. అన్నీ విడివిడిగా బొమ్మలు వెయ్యాలనుకుంటే మీ గుంపు సగంలోనే విడిపోతుంది. తలకట్టు లేని మూల రూపం ఒకటి ప్రతి హల్లుకూ ఉండాలి. దాని మీద తలకట్టో, గుడో, ఎత్వమో యాంకర్ల (ఏ భాగం ఎక్కడ అతుక్కోవాలో చెప్పే గుర్తుల) సాయంతో కూర్చోవాలి. కొమ్ముకూ, వట్రసుడికీ తలకట్టు ఉంటుంది, గుడికి పోతుంది, పొల్లుకు పోతుంది. ఇది మీకు తెలిసిందే, కానీ ఎడిటర్‌కు మీరు చెప్పాలి. యాంకర్‌కు లొంగని మొండి రూపాలు కొన్ని ఉంటాయి. లి, జి లలో గుడి పైన కూర్చోకుండా అక్షరంలో కలిసిపోతుంది. యి దారి వేరు. మొ, యొ, ఘొ లకు ఒత్వం మామూలుగా రాదు, ఎత్వానికి కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. హా కూడా అంతే, దాని దీర్ఘం తీరే వేరు. వీటిని ముందే జాబితా రాసుకుని చేత్తో వెయ్యండి.

ఒత్తుల్లో క, త, న, మ, య, ర, ల ల ఒత్తులు మూల అక్షరంలా ఉండవు. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న రూపాలే. చిన్నవి కదా అని పెద్ద అక్షరాన్నే సగానికి కుదించకండి, గీత మందం కూడా సగమైపోయి ఒత్తు బక్కచిక్కి కనిపిస్తుంది. ఆకారం కుదించాక మందం మళ్ళీ పెంచాలి. ఒత్తులకు నగలు అసలు వద్దని నా అభిప్రాయం. మీ ఒత్తుల బృందం దీనికి ఒప్పుకోకపోవచ్చు. వాళ్ళకు క్రావడి, అంటే ర ఒత్తు, ఇవ్వండి, సరదా తీరుతుంది: అక్షరాన్ని ఎడమ వైపు నుంచి చుట్టుకుని వచ్చే గీత అది, తీగకు అంతకన్నా మంచి చోటు తెలుగులో లేదు. ‘శ్రీ’ అందం సగం దానిదే. క్యావడి (య ఒత్తు) కొస కుడివైపు సాగుతుంది కాబట్టి అక్కడా ఒక ఆకు పడుతుంది, కాకపోతే తర్వాతి అక్షరం ఒత్తును ఢీకొట్టకుండా చూసుకోవాలి.

కింద రెండు ఒత్తులు వచ్చే మాటలు మొదటి రోజు నుంచీ మీ పరీక్ష కాగితంలో ఉండాలి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న. పైన తీగ అల్లుకున్న గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు పడితే అక్షరం ఎంత పొడుగవుతుందో ‘స్త్రీ’ చూపిస్తుంది. ఫాంటు వివరాల్లో విన్ అసెంట్, విన్ డిసెంట్ అని, అక్షరానికి పైన ఎంత, కింద ఎంత చోటో చెప్పే రెండు అంకెలుంటాయి. అవి చిన్నవిగా ఉంటే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఆ హద్దు దాటిన భాగాన్ని కత్తిరించేస్తాయి, మీ క్రావడి తీగ నేల కొరిగిపోతుంది. అలాగని మరీ పెంచితే వరసల మధ్య గజం ఎడం వస్తుంది. అందుకే అస్థిపంజరం దశలోనే పైన ఎంత, కింద ఎంత అని రెండు హద్దు గీతలు గీసి అందరికీ ఇవ్వండి. నగ దాన్ని దాటకూడదు, అంతే.

శుభలేఖ ఫాంటు అంటున్నారు కాబట్టి ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ తప్పనిసరి, అందులో స్తు, ఘ్న ఉన్నాయి. చి.ల.సౌ., ముహూర్తం, మహోత్సవ, ఆహ్వానం సరే సరి. వీటితో పాటు ఎవరికీ గుర్తురానిది ఒకటుంది: ‘ఫంక్షన్ హాల్’. ప్రతి కార్డులోనూ వస్తుంది, పొల్లు అక్షరాలు ఎంత వికారంగా ఉన్నాయో అక్కడే బయటపడుతుంది. న్, ల్, క్, ర్, ట్ ల పొల్లుకు మీ బృందంలో ఎవరూ బాధ్యులు కారు. గుడి తీసుకున్నవాళ్ళకే అదీ ఇవ్వండి. అంకెలు 0 నుంచి 9 దాకా కావాలి, తేదీలు ఇప్పుడు వాటితోనే వేస్తున్నారు. పెళ్ళికొడుకు డిగ్రీల కోసం రోమన్ పెద్దక్షరాలూ కావాలి. వాటికి తీగలు అల్లకండి, గీత మందం కలిసే సాదా అక్షరాలు పెట్టండి.

పనిముట్లు. మీలో ముగ్గురికి గ్లిఫ్స్ (మ్యాక్‌లో మాత్రమే నడిచే ఫాంటు ఎడిటర్) ఉంది, మిగతావాళ్ళకు మ్యాక్ లేదు అన్నారు. పర్వాలేదు. ఉమ్మడి ఫైలును యూఎఫ్‌వో అనే, వేర్వేరు ఎడిటర్లు తెరవగల రూపంలో ఉంచండి. అందులో ప్రతి అక్షరానికీ విడి ఫైలు ఉంటుంది, కాబట్టి ఒకరు ‘క’ మీద, ఇంకొకరు తలకట్టు మీద ఏకకాలంలో పనిచేసి గిట్‌లో (అందరి మార్పులనూ కలిపే సాధనం) కలిపినా గొడవ రాదు. ఫాంట్‌ఫోర్జ్ అనే ఎడిటర్ ఉచితం, యూఎఫ్‌వో తెరుస్తుంది. పేర్లు మాత్రం మొదటి రోజే తేల్చుకోండి. ఒకరు ‘ఆకు1’ అనీ, ఇంకొకరు ‘ఆకు_కొత్తది_ఫైనల్’ అనీ పెడితే కాంపోనెంట్లు తెగిపోతాయి. వాట్సాప్‌లో ఫైళ్ళు పంపుకోవడం ఈ రోజే మానెయ్యండి.

కాగితం మీది బొమ్మను స్కాన్ చేసి ఆటోట్రేస్ కొడితే, అంటే గీతలుగా మార్చే పని కంప్యూటర్‌కే వదిలేస్తే, ఒక్క ఆకుకు వంద నోడ్లు (గీతను నడిపే బిందువులు) వస్తాయి. ఆ ఆకు ఒక అక్షరంలో ఆరుసార్లు వస్తే లెక్క మీరే వేసుకోండి. స్కాన్‌ను వెనక పెట్టుకుని చేత్తో మళ్ళీ గియ్యండి, మంచి ఆకు ఎనిమిది పది నోడ్లలో వచ్చేస్తుంది. చేతి వణుకు కావాలంటే కావాలనే ఒకటి రెండు చోట్ల పెట్టుకోవచ్చు.

మీ ‘క్ష’ లో కుడి ఆకు తీగను తాకిన చోట తెల్లటి చిల్లు పడుతోందని అడిగారు కదా, అది ప్రోగ్రామ్ లోపం కాదు. ఎడమ ఆకును అద్దంలోలా తిప్పి కుడివైపు పెట్టారు. తిప్పినప్పుడు గీత నడిచే దిశ కూడా తిరగబడుతుంది. ఒకే దిశలో నడిచే రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడితే కలిసిపోతాయి, ఎదురు దిశలో నడిచేవి పడితే అక్కడ కోసుకుపోతాయి. కుడి ఆకును విడి అచ్చుగా చేసి, దాని దిశ సరిచేసి వాడండి. ఫాంటు బయటకు తీసేటప్పుడు అతివ్యాప్తులు కరిగించే ఎంపిక కూడా పెట్టండి. పని ఫైలులో మాత్రం కరిగించకండి, తర్వాత ఆకు మార్చుకోలేరు.

ఒత్తులు, గుణింతాలు ఎక్కడ ఎలా కూర్చోవాలో చెప్పే ఓపెన్‌టైప్ సూత్రాలు మీలో ఒక్కరైనా నేర్చుకోవాలి. మొదటి నుంచీ రాయక్కర్లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన పొన్నల, ధూర్జటి, పెద్దన, తిమ్మన, రవిప్రకాశ్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, తెరిచి చదువుకోండి. చదివి నేర్చుకుని మీ సొంతంగా రాసుకుంటే ఒక లెక్క, అందులోంచి ఎత్తి మీ దాంట్లో పెట్టుకుంటే మీ ఫాంటు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాల్సి వస్తుంది. తయారయ్యాక ఆండ్రాయిడ్‌లో, విండోస్‌లో, యాపిల్‌లో మూడింట్లోనూ చూడాలి, అక్షరాలు కూర్చే యంత్రాంగం ఒక్కోదానిలో ఒక్కో రకం. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ లాంటి ఒక అక్షర వరస వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయేవి, గుర్తుందా? ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. ఆ తప్పు ఎవరి బొమ్మలోనూ లేదు, కూర్చే యంత్రాంగంలో ఉంది.

బంగారు ఫాయిల్ మీద మీకు ఆశ ఉన్నట్టుంది. అయితే పెడన అచ్చుల పద్ధతిని ఇంకో మెట్టు ఎక్కించండి: రెండు ఫాంట్లు చెయ్యండి. ఒకదానిలో అక్షరం, రెండోదానిలో నగలు మాత్రమే. రెండింటిలోనూ ప్రతి గ్లిఫ్ వెడల్పూ, యాంకర్లూ తేడా లేకుండా ఒక్కటే ఉండాలి. డిజైనర్ ఒకే మాటను రెండుసార్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, అక్షరాన్ని కుంకుమ రంగులో, తీగను ఫాయిల్‌లో వేసుకుంటాడు. రంగుల ఫాంట్లు అనే కొత్త పద్ధతి ఉంది కానీ ప్రెస్సులో పనిచేసేవాళ్ళ చేతికి అది ఇంకా సరిగా అందలేదు, ఈ రెండు ఫైళ్ళ పద్ధతి ఎక్కడైనా నడుస్తుంది. గీత సన్నదనం లెక్కేసుకోండి: 1000 యూనిట్ల ఫాంటులో 10 యూనిట్ల గీత, 36 పాయింట్లలో అచ్చువేస్తే 0.36 పాయింటు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. తెర మీద అద్భుతంగా ఉంటుంది. ఫాయిల్‌లో తెగిపోతుంది. మీ ఊళ్ళో కార్డులు వేసే ప్రెస్సుకు వెళ్ళి, వాళ్ళు ఎంత సన్నని గీత వరకు నిలబెట్టగలరో అడిగి, దాన్నే మీ కనీస మందంగా పెట్టుకోండి.

ప్రెస్సుకు వెళ్ళినప్పుడే ఇంకోటి కూడా చూసి రండి. చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, మీ ఫాంటు అందులో పనిచెయ్యదు. ఫోటోషాప్‌లో, ఇన్‌డిజైన్‌లో పనిచేస్తుంది, కాకపోతే దక్షిణాసియా లిపులను సరిగా కూర్చే ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడతాయి. ‘ఫాంటు పాడైంది’ అని మీకే ఫోన్లు వస్తాయి. ఫాంటుతో పాటు ఆ సెట్టింగు ఎక్కడుందో తెరబొమ్మలతో ఒక పేజీ తెలుగులో రాసి పెట్టండి.

గుంపు నడిపే విషయం. ఎనిమిది మందీ సమానం అంటే ఏ ఆకూ తేలదు. చివరి మాట ఒక్కరిదే ఉండాలి, అది అస్థిపంజరం వేసినవాళ్ళది అయితే మంచిది. మిగతావాళ్ళు ఎంతైనా వాదించవచ్చు, కానీ తెర మీద కాదు, అచ్చు తీసిన కాగితం మీద. వారానికోసారి అదే పరీక్ష కాగితం, అదే కొలతలో, పాతదాని పక్కన కొత్తది గోడకు పెట్టండి. ముంబయి ఏక్ టైప్ వాళ్ళ బాలూ కుటుంబం చూడండి. దేవనాగరిలో బాలూ, తెలుగులో బాలూ తమ్ముడు, కన్నడంలో బాలూ తమ్మ, తమిళంలో బాలూ తంబి. వేర్వేరు లిపులకు వేర్వేరు డిజైనర్లు వేసినా, లావూ, కొసల గుండ్రదనమూ ఒక్కటే. అలంకార ఫాంటు కాదు గానీ, చాలా చేతులు ఒక్క గొంతుతో మాట్లాడటం చూడాలంటే దాన్ని తెరిచి పెట్టుకోండి.

ఇక ఎవరిది అన్న ప్రశ్న. స్నేహితులం కదా, కాగితాలెందుకు అంటారు. స్నేహితులు గనకే ఇప్పుడే రాసుకోండి. మీ పద్ధతిలో ప్రతి అక్షరంలోనూ నలుగురి పని కలిసిపోతుంది. రేపు ఒకరు ‘నా తలకట్టు నాకిచ్చెయ్యండి’ అంటే ఫాంటే ఉండదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకుంటుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఈ రెండూ ఆ కాగితంలో ఉండేలా చూసుకుని, సంతకాలకు ముందు ఒక లాయరుకు చూపించండి. మధ్యలో మానేసినవాళ్ళ పని ఉంటుందా పోతుందా, పేరు ఎక్కడ వేస్తారు, డబ్బు వస్తే ఎలా పంచుకుంటారు అన్నవీ అందులోనే రావాలి.

ఉచితంగా ఇస్తామంటే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు, 2007 నాటి 1.1 కూర్పు, సరిపోతుంది. దాని కింద ఫాంటును విడిగా అమ్మకూడదు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వచ్చు. మార్చినవాళ్ళు కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. మీ ఫాంటుతో వేసిన శుభలేఖలకు ఆ షరతులు అంటవు. పేరును రిజర్వు చేసుకుంటే మార్చిన రూపాన్ని మీ పేరుతో ఎవరూ తిప్పలేరు. అమ్ముకుంటామంటే వేరే లైసెన్సు రాసుకోవాలి, అప్పుడు స్వేచ్ఛా ఫాంట్ల నుంచి ఒక్క గ్లిఫ్ కూడా ఎత్తకండి.

పేరులో ‘శ్రీకాళహస్తి కలంకారి’ అని నేరుగా పెట్టొద్దు. దానికీ, మచిలీపట్నం కలంకారికీ భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెల్లుతుంది. మీ ఆకులు మీరు గీసినవే అయితే సరే. ఎవరైనా కళాకారుడి గుడ్డ మీది నుంచి ఎత్తినవైతే ఆయన దగ్గరకు వెళ్ళి అడగండి, డబ్బివ్వండి, పేరు వెయ్యండి. వీలైతే ఆయన్నే ఆ పది పన్నెండు అచ్చులూ గియ్యమనండి. మీ ఎనిమిది మంది కన్నా ఆయన తీగ బాగా పాకుతుంది, మనలో మాట.

ఇప్పటిదాకా వేసిన అక్షరాలు పారెయ్యాలా అని చివర్లో అడిగారు. అక్కర్లేదు. విడిగా చూస్తే అవి అందమైన బొమ్మలే. పత్రికలో వ్యాసం మొదట ఒక్క పెద్దక్షరం వేస్తారు కదా, అలాంటి వాటికి సరిగ్గా సరిపోతాయి. వాటిని ఫాంటులోనే స్టైలిస్టిక్ సెట్‌గా పెట్టండి, కావలసినవాళ్ళు ఆ అక్షరం వరకు మార్చుకుంటారు. ర లోని మొగ్గ మాత్రం అక్కడ కూడా తీసెయ్యాలి.